మూఢంలో కదలని బండి

గుంటూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా భవ్యకి ప్రాణం కుదురుగా లేదు. కాలు ఊపుతుంది, మానేస్తుంది, మళ్లీ ఊపుతుంది. పక్కన వాళ్ల నాన్న చెంచురామయ్య ఇన్సూరెన్సు కంపెనీ పంపిన చెక్కుని చొక్కా జేబులోంచి తీయడం, చూసి పళ్లు నూరడం, మడిచి మళ్లీ లోపల పెట్టుకోవడం. ప్రత్తిపాడు దాటేసరికి ఆ చెక్కు మడతల దగ్గర చిరుగు పట్టింది.

"సగం కోశారమ్మాయ్, సగం! మిర్చి యార్డులో కమీషను కొట్టోడు కూడా ఇంత కొయ్యడు. నువ్వు ఇంగ్లీషులో గట్టిగా అడగాల. నిన్ను చదివించింది ఎందుకు?"

భవ్య తలూపింది. చదివించింది ఇందుకు కాదని ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

బాపట్లలో వ్యవసాయం డిగ్రీ చదివొచ్చిన భవ్యకి పత్తి విత్తనాల కంపెనీలో ఫీల్డు ఆఫీసరు ఉద్యోగం వచ్చింది. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు వైపు పల్లెలు తిరిగి రైతుల చేలు చూడాలి. పెట్రోలు కంపెనీ పోయిస్తుంది, కారు మాత్రం మనదే ఉండాలి. సోమవారం పొద్దున ఒంగోలు ఆఫీసుకి కారుతో, కారు కాగితాలతో వచ్చి చేరమన్నారు. కారు లేకపోతే ఉద్యోగం లేదు. ఇన్సూరెన్సు లేకపోతే కారు ఉన్నా లేనట్టే. ఆ ఇన్సూరెన్సుని రద్దు చేయించిన మనిషి కన్నతండ్రి. రద్దు చేయించుకున్నందుకు డబ్బు తక్కువ ఇచ్చారని దెబ్బలాడటానికి ఇప్పుడు ఆమెనే వెంటబెట్టుకుని పోతున్నాడు. తన నోటి ముద్ద లాక్కున్నవాళ్లకి తానే విస్తరి కడిగి వేస్తున్నట్టుంది భవ్యకి.

ఆ కారు కొన్నదీ ఆయనే మరి. ఆ ఏడు మిర్చికి మొదట్లో మంచి రేటు పలికింది. ఆ ఊపులో నరసరావుపేట డాక్టరు దగ్గర పాత తెల్ల మారుతి బేరం చేశాడు. శుక్రమూఢం ముంచుకొస్తోందని హడావిడిపడి, మూఢం ముందురోజు సాయంత్రం డాక్టరు గారి డ్రైవరు చేత బండి తోలించి ఇంటి వాకిట్లో పెట్టించాడు. ఏజెంటు ఖాజావలి అదే రోజు ఇన్సూరెన్సు రాశాడు. తీరా పూజ చేయాల్సిన పూజారి గారు ఎక్కడో పెళ్లి చేయించడానికి పోయి ఆ పూట దొరకలేదు. తెల్లారితే మూఢం. పూజ కాని బండి మూఢంలో రోడ్డెక్కితే ఇంకేమన్నా ఉందా అని, యూరియా సంచులు కలిపి కుట్టిన పట్టా ఒకటి దాని మీద కప్పించాడు. మూఢం విడిచిందాకా, అంటే రెండు నెలల పైచిలుకు, చక్రం కదలకూడదన్నాడు.

కదల్లేదనే ఊరంతా నమ్మింది. నిజానికి ఆ బండి కదలని రోజు లేదు.

కాయలు కల్లంలో ఎండుతున్నన్నాళ్లూ చెంచురామయ్య కాపలాకి అక్కడే మంచం వేసుకుని పడుకునేవాడు. ఇక్కడ తెలతెలవారుతుండగా భవ్య పట్టా లాగేసేది, తల్లి కోటిరత్నం గేటు తీసేది. లైసెన్సు బాపట్లలో చదివేటప్పుడే వచ్చింది గానీ, స్టీరింగు చేతికి అలవాటయింది ఈ రోడ్ల మీదే. తిరిగొచ్చి బండి యథాస్థానంలో పెట్టాక తల్లి చక్రాల జాడల మీద కళ్లాపి చల్లి ముగ్గేసేది. "మీ నాన్నకి తెలిస్తే నిన్నొక మాట అంటాడు, నన్ను వెయ్యి అంటాడు" అని రోజూ సణిగేదే గానీ, గేటు తియ్యనని ఒక్కనాడూ అనలేదు ఆ ఇల్లాలు.

మూఢం పోయింది. పూజయింది, నిమ్మకాయలు తొక్కించారు, కొబ్బరికాయ కొట్టారు. చెంచురామయ్య కొత్త కండువా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వీధి మలుపు తిరిగారో లేదో, మిర్చి బస్తాల ఆటో ఒకటి ఎదురుగా దూసుకొచ్చింది. భవ్య ఎడమకి కోసి ఆపింది. గోడకి రాసుకుని తలుపు మీద కాస్త రంగు పోయింది, అంతకుమించి ఏమీ లేదు. కానీ చెంచురామయ్య దిగి ఎవరి అరుగు మీదో కూలబడి మంచినీళ్లడిగాడు. చీకట్లో చెప్పుల్లేకుండా చేలో నీళ్లు కట్టే మనిషి, పాముని చూసి కూడా కర్ర కోసం తాపీగా వెతుక్కునే మనిషి, ఆటోని చూసి అలా అయిపోయాడు.

"ఉన్న ఒక్క పిల్లని రోడ్డు పాలు చెయ్యలేను" అన్నాడు. ఇక ఎవరి మాటా వినలేదు. ఖాజావలిని పిలిపించి ఇన్సూరెన్సు రద్దు చెయ్యమన్నాడు. అది లేకుండా చదువుకున్న పిల్ల బండి తియ్యదని ఆయన ధీమా. మార్టూరులో గ్రానైటు పాలిషింగు చేయించే ఆసామి ఒకాయన, ఈ ఆదివారం వచ్చి బండి కొనుక్కుని తోలుకుపోతానని మాటిచ్చాడు. భవ్య ఏడ్చింది, అన్నం మానేసింది, అరిచింది. "ఆ జీతమేదో నేనిస్తా, ఇంట్లో కూర్చో" అన్నాడు తండ్రి. ఆ మాటతో ఆమెకి ఏడుపు కూడా ఆగిపోయింది.

గుంటూరు బ్రాడీపేటలో ఇన్సూరెన్సు ఆఫీసు మెట్ల దగ్గర ఖాజావలి ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. "చెంచురామయ్య గారూ, కాస్త నెమ్మదిగా మాట్లాడండి. రేపు మళ్లీ నేను ఈ మెట్లెక్కాలి."

"నేను దిగేటప్పుడు నా డబ్బు నాకుంటే నెమ్మదిగానే దిగుతా" అంటూ పైకి నడిచాడు చెంచురామయ్య. భవ్య, ఖాజావలి వెనకే ఎక్కారు.

అక్కడ పెద్దాఫీసరు జయరావు గారు. సన్నటి మనిషి, ఓపిక మాత్రం లావు. చెక్కు చూశాడు, ఫైలు తెప్పించాడు, కుర్చీలు చూపించాడు. "ఏడాదికి కట్టిన డబ్బుని నెలల వంతున తిరిగివ్వడం ఉండదండీ. మధ్యలో మీ అంతట మీరు రద్దు చేసుకుంటే దానికి వేరే లెక్క. మూడు నెలలు దాటితే సగం పోతుంది. మీది దాటింది."

"దాటలేదండీ."

"తేదీలు ఇక్కడ ఉన్నాయి కదా."

"తేదీలు ఉంటే సరా? మూఢం తీసెయ్యండి అందులోంచి!"

జయరావు గారి చేతిలో పెన్ను ఆగింది. "మూఢమా?"

"అవునండీ, శుక్రమూఢం. ఆ రెండు నెలలూ మా బండి పట్టా కింద ఉంది. చక్రం కదిలితే ఒట్టు. కదలని బండికి గండమేంది? గండమే లేకపోతే మీరు కాసింది ఏంది? మా కల్లంలో కాపలాకి రానోడికి నేను కూలివ్వను."

పక్క బల్లల వాళ్లు పని ఆపి ఇటు తిరిగారు. ఒకాయన నవ్వు దాచుకోడానికి దగ్గాడు. భవ్యకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నిలబడ్డ బండికీ ప్రమాదం ఉంటుందండీ. చెట్టు పడొచ్చు."

"మా వాకిట్లో చెట్టు లేదు."

"నిప్పంటుకోవచ్చు."

"ఉన్న బండికి నిప్పెందుకు పెడతారండీ, మీరు మరీను!"

జయరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడండి, ఒక్క రూపాయి కూడా పోకూడదంటే ఒకటే దారి. రద్దు వద్దని రాసిచ్చి, ఈ చెక్కు మాకు తిరిగిచ్చెయ్యండి. ఇంకా బ్యాంకులో వెయ్యలేదు కాబట్టి పై వాళ్లకి చెప్పి నేను సర్దుతాను. పాలసీ మామూలుగా నడుస్తుంది."

భవ్య చటుక్కున తలెత్తింది. తండ్రి మొహం వైపు చూసింది.

"అది మాత్రం కుదరదు" అన్నాడు చెంచురామయ్య. "ఇన్సూరెన్సుంటే బండి ఉంటది, బండి ఉంటే పిల్ల తోలుద్ది."

"అయితే ఇంకొకటి. ఆ రెండు నెలలూ బండి వాడలేదని రాసివ్వండి. విజయవాడ పై ఆఫీసుకి పంపి అడుగుతాను. ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వను. ఇంతకీ బండి తోలేది ఎవరు?"

"మా అమ్మాయేనండీ."

"అయితే ఆమే రాసి సంతకం పెట్టాలి." తెల్ల కాగితం ఒకటి భవ్య ముందుకి జరిపాడు.

"రాయమ్మా" అన్నాడు తండ్రి గర్వంగా. "ఇంగ్లీషులో రాయి."

భవ్య పెన్ను తీసుకుంది. తేదీ వేసింది. ఆఫీసు పేరు రాసింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. అబద్ధం ఆమెకి కొత్తేమీ కాదు, రెండు నెలలు కళ్లాపి కింద దాచిందే. రాసేస్తే నాన్న గెలుస్తాడు, లేదా గెలిచానని సంతోషంగా బస్సెక్కుతాడు. ఆదివారం బండి పోతుంది. సోమవారం ఒంగోలులో ఆమె కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. అదంతా ఎలాగూ జరిగేదే. కానీ తను తోలిందల్లా ఆ రెండు నెలల్లోనే. అదే జరగలేదని తన చేత్తో రాస్తే, ఇక తన దగ్గర మిగిలేది ఆ గోడకి రాసుకున్న గీత ఒక్కటే. అది తలుచుకునేసరికి ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"నేను రాయలేను నాన్నా" అంది.

"ఏం, స్పెల్లింగు రాదా?"

"బండి కదిలింది."

చెంచురామయ్య నవ్వబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయాడు.

"మూఢంలోనా?"

"రోజూ. నువ్వు కల్లంలో పడుకున్నప్పుడు. పర్చూరు రోడ్డెమ్మట వెళ్లొచ్చేదాన్ని, చిలకలూరిపేట హైవే మీదకీ వెళ్లా. నువ్వు కాయలు యార్డుకేసిన రోజు మీ లారీ వెనకే గుంటూరు పొలిమేర దాకా వచ్చా, ఏటుకూరులో వెనక్కి తిరిగిపోయా." భవ్య ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. "నాకేం కాలేదు నాన్నా. ఎవరికీ ఏం కాలేదు. ఆ ఆటో వాడు ఎదురొచ్చినప్పుడు బండి అక్కడికక్కడే ఆపగలిగానంటే, అన్నాళ్లు తోలబట్టే."

చెంచురామయ్య మొహం ఎర్రబడింది, ఆ తర్వాత ఏ రంగూ లేకుండా పోయింది. ఇందాకటిదాకా ఒట్టేసి చెప్పిన నోరు. పక్క బల్ల ఆయన ఈసారి దగ్గలేదు కూడా. చెంచురామయ్య లేచాడు. కూతుర్ని కొడతాడేమోనని ఖాజావలి ఒక అడుగు ముందుకేశాడు. ఆయన మాత్రం బల్ల మీది చెక్కు తీసి జేబులో పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

భవ్య వెనకే పరిగెత్తింది. రోహిణి కార్తె ఎండ మొహాన కొట్టింది. రోడ్డవతల టెలిఫోను బూత్ దగ్గర కనిపించాడు. జేబులోంచి చీటీ తీసి నంబరు చూస్తున్నాడు. మార్టూరు ఆయన నంబరే అయ్యుంటుంది. ఆదివారం దాకా కూడా ఆగడన్నమాట, ఇయ్యాళే వచ్చి తోలుకుపొమ్మంటాడు. భవ్య రోడ్డు దాటి బూత్ పక్కకి వెళ్లి ఆగింది. అనవసరంగా నోరు తెరిచాను, రాసిచ్చేసి ఉంటే కనీసం ఆయన కళ్లలో కళ్లు పెట్టి చూడగలిగేదాన్ని అనుకుంది. బూత్ తలుపు సగం తెరిచే ఉంది. ఊళ్లో మాట్లాడినట్టే ఫోన్లోనూ అరిచి మాట్లాడతాడు చెంచురామయ్య.

"ఆ, నేనేనండీ, చెంచురామయ్యని. ఆదివారం రావద్దండీ. అబ్బే, రేటు సంగతి కాదు. బండి అమ్మడం లేదు. ఏంటీ? ఎవరు తోలతారా? మా అమ్మాయే. ఆడపిల్లేనండీ! అయితే ఏంది?"

అవతల ఆయన ఏదో అంటున్నాడు. చెంచురామయ్య వినలేదు. చెప్పుకోవాల్సింది ఆయనకే ఉంది.

"తోలడం వచ్చా అంటారేంటండీ, నా కళ్లతో నేను చూశా. మొన్నామధ్య కాయలేసుకుని యార్డుకొస్తూ లారీలో బస్తాల మీద వెనక్కి తిరిగి కూర్చున్నా. తెల్ల మారుతి ఒకటి మా వెనకే వచ్చింది. మిర్చి ఘాటుకి మొహానికి గుడ్డ చుట్టుకున్నారు, మనిషి తెలవలా. దారిలో గేదెల మంద అడ్డం పడింది. మా లారీవాడు హారను మోగించీ మోగించీ బూతులు తిట్టాడు. ఆ కారు మాత్రం కిక్కురుమనలేదు. గేదెలన్నీ పోయిందాకా ఆగి, దూరం పాటించి నిదానంగా వచ్చింది. ఎవడో గానీ, వీడి కన్నోళ్లు అదృష్టవంతులు, ఇంట్లో నిశ్చింతగా నిద్రపోతారు అనుకున్నానండీ నేను!" కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మన బండిలాగే ఉందే అని కూడా అనుకున్నా. మూఢంలో మనదెందుకొస్తదిలే అనుకున్నా."

ఫోను పెట్టేసి బయటికొచ్చాడు. గుమ్మం పక్కనే కూతురు నిలబడి ఏడుస్తోంది. ఆయన ఆమె వైపు చూడకుండా జేబులో చెక్కు తడుముకున్నాడు.

"పద, పైకి పోదాం" అన్నాడు. "ఆ కాయితం మీద తేదీ వేసే ఉంచావుగా, రద్దు వద్దని రాసిచ్చి ఈ చెక్కు వాళ్ల బల్ల మీద పడేద్దాం. సగం కోస్తారంట, సగం! రూపాయి కూడా కోయనివ్వను."

నాలుగడుగులేసి ఆగి, ఇంకా రోడ్డుకేసే చూస్తూ అడిగాడు.

"సోమవారం ఒంగోలుకి నన్నూ ఎక్కించుకుంటావా?"