బయటికొచ్చే దారి మూస్తే

పురుగుల కణాలను సీసాల్లో పెంచడం అక్క పని. డిగ్రీ లేదు. ల్యాబులో అందరూ అక్కా అక్కా అంటారు, మాట మాత్రం ఒక్కడూ వినడు.

"ఈ వైరస్ ప్రోటీన్ కణం నడుమనున్న కేంద్రకంలోకి పోదు. ఎప్పుడు చూసినా బయటే ఉంది. సాయంత్రం ఆ కణాలన్నీ పారేయండి," అన్నాడు పెద్దసారు.

ఆ ప్రోటీన్ తయారుచేసేలా అక్క ఏడాదిగా సాకిన కణాలవి.

"పోతుంది సార్. పోయి వెంటనే తిరిగొచ్చేస్తుంది. అందుకే మీకు బయట కనపడుతోంది."

"కోడిగుడ్డుకు ఈకలు పీకకమ్మా!"

"సాయంత్రం దాకా ఆగండి. ఈకలుంటే చూపిస్తా."

ఆ ప్రోటీన్‌కు పచ్చగా మెరిసే గుర్తు ముందే తగిలించి ఉంది. అక్క ఆ కణాలున్న రెండు ప్లేట్లు తీసుకుంది. ఒకదాంట్లో, కేంద్రకం నుంచి బయటికొచ్చే దారిని మూసే మందు వేసింది. రెండోదాన్ని అలాగే వదిలేసింది. ప్రోటీన్ అసలు లోపలికే పోకపోతే మందు వేసినా తేడా ఉండదు. పోతే అక్కడే చిక్కుకోవాలి.

సాయంత్రం సారు మైక్రోస్కోప్ ముందు కుర్చీ ఆక్రమించాడు. మందు లేని ప్లేటులో పచ్చదనం కేంద్రకం బయటే ఉంది.

"చెప్పానా!"

అక్క మందు వేసిన ప్లేటు పెట్టింది. సారు కన్ను ఆనించాడు. ప్రతి కణం నడుమా గుండ్రంగా పచ్చటి కేంద్రకం వెలుగుతోంది.

"ఓరి దీని దుంపతెగ, లోపలే ఇరుక్కుందే! ఒక్క కణం కూడా పారేయకండర్రా!" అని ల్యాబు అదిరేలా అరిచాడు.

అక్క ఆయన భుజం పట్టి లాగింది.

"జరగండి సార్! నేనింకా చూడనే లేదు!"