మూడో వంతెన మీద బరువు

ఊళ్లో మిగతా ఆడవాళ్ల మొగుళ్లు సెలవొస్తే సముద్రం చూపిస్తారు. డెల్ఫీన్ మొగుడు ఓరిన్ పైకప్పున్న చెక్క వంతెనలు చూపిస్తాడు. అలాంటి వంతెనలు ఊరూరా ఉండే వెర్మాంట్‌లో పుట్టి పెరిగినదానికి అవేమైనా వింతా? సొంతింటి కప్పు కారుతుంటే తలెత్తి చూడడు గానీ, వంతెన కప్పు కింద గంటసేపు మురిసిపోతాడు.

ఆ అక్టోబరు ఆదివారం అప్పటికే రెండు వంతెనలయ్యాయి. దారిలో ఎవరి పెరట్లోనో నిలబెట్టిన ఇనుప దుప్పినీ చూశారు. తన చెల్లెలి పొలంలో ఆగి, గోడ కట్టడానికని ఓరిన్ ట్రక్కు నిండా రాళ్లు ఎక్కించుకున్నాడు.

మూడో వంతెన దగ్గర డెల్ఫీన్‌కు నవ్వు రాలేదు. కొండల మీద రెండు రోజులుగా వానలు. ఏరు కాఫీ రంగులో ఉబ్బి, వంతెన అడుగు దూలాలను నాకుతోంది. అవతలి గట్టున ఒక కుక్క ఆగకుండా మొరిగి, ఉన్నట్టుండి ఊరుకుంది.

"వరదొస్తే మా తాతయ్య రాళ్లబండి ఈ వంతెన మధ్యలో నిలిపేవాడు. బరువుంటే వంతెన తేలదు," అన్నాడు ఓరిన్.

"సరే, నిలిపి దిగిరా," అంటూ డెల్ఫీన్ ట్రక్కు దిగి రోడ్డు మీదే నిలబడింది.

ట్రక్కు వంతెన లోపలి చీకట్లోకి వెళ్లింది. ఇంజను ఆగింది. మనిషి మాత్రం రాలేదు.

"ఓరిన్! ఏం చేస్తున్నావక్కడ?"

"కూర్చున్నా! నా బరువూ కలుస్తుంది!"

"నీ బరువు సంగతి డాక్టరు చెప్పాడులే. బయటికి రా!"

"వంతెన రవ్వంత కూడా కదలట్లేదే! నువ్వే ఊరికే బెదిరిపోతున్నావు."

లోపల కిటికీల్లేవు, అతనికి ఏరు కనబడదు. డెల్ఫీన్‌కు మాత్రం ఏటి ఎగువ వంపు తిరిగి కొట్టుకొస్తున్న చెట్టు కనబడింది, వేళ్లతో సహా. అంతవరకూ కిర్రుకిర్రుమంటున్న చెక్కలు ఒక్కసారిగా మౌనమయ్యాయి. ఆమె కిందికి చూసింది. రోడ్డుకీ వంతెన చెక్కలకీ మధ్య వేలెడు సందు. చూస్తుండగానే అది జానెడైంది. ఆ సందులోంచి నీళ్లు కనిపించాయి.

"తేలుతోంది, ఓరిన్! రాళ్లతో సహా తేలుతోంది! పరిగెత్తు!"

ఆ గొంతులో వెటకారం లేకపోవడమే అతన్ని లేపింది. బూట్ల చప్పుడు చీకట్లోంచి దగ్గరైంది. అంచుకు వచ్చేసరికి సందు గజం దాటింది. దూకాడు. ఒక కాలు నీళ్లలో పడింది. డెల్ఫీన్ అతని కోటు కాలరు దొరకబుచ్చుకుని వెనక్కి పడింది, అతను ఆమె మీద పడ్డాడు.

చెట్టు వంతెనను తాకింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. కప్పుతో సహా, ట్రక్కుతో సహా, ఇల్లు మారుతున్నట్టు అది నెమ్మదిగా దిగువ వంపు తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత, ఎక్కడో కింద, విరిగిన చప్పుడు.

ఇద్దరూ బురదలోనే కూర్చున్నారు. ఆమె ఇంకా కాలరు వదల్లేదు. ఓరిన్ వంతెన ఆనుకుని ఉండిన రాతిగట్టు వైపు చూశాడు.

"తాతయ్య బండి నిలిపేవాడు, అంతవరకే," అన్నాడు. "తనెప్పుడూ లోపల కూర్చోలేదు. అది నేను కలుపుకున్నాను. తప్పు నాదే, డెల్ఫీన్."