నడుమెత్తు పొయ్యి

సారలమ్మకు కట్టెకాలు వచ్చి నెలయింది. గని బయట బొగ్గులో రాళ్లు ఏరుతుండగా పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బు కాలి మీదికెక్కి, ఎడమకాలు మోకాలి కింద పోయింది. పట్నం దవాఖానలో తోలు పట్టీలతో కొత్తకాలు బిగించి పంపారు. దాని కొసకు మగవాళ్ల బూటును మొలలతో కొట్టేశారు. ఆ బూటు ఊడదీసినా ఊడిరాదు.

ఆ కాలితో నల్లా దాకా పోయి నీళ్లు తెచ్చుకునేది. చిక్కంతా ఇంట్లోనే. అత్త కనకవ్వ గడపలో అడ్డం నిలబడేది.

"బూటుతోని పొయ్యికాడికొస్తవా? విడిచి రా."

"ఇది విడిస్తే కాలే విడిచినట్టు, అత్తా!"

"అయితే కాలే విడిచి రా."

విడిచినా విడవకున్నా ఒకటే తిప్పలు. కట్టెకాలితో గొంతుకూర్చోవడం కుదరదు. అది పొయ్యిలోకి చాపుకొని ఉంటుంది. అందుకని గడపలో దాన్ని ఊడదీసి, నేల మీద దేకుతూ వంట చేసేది. ఉప్పుకోసారి, నీళ్లకోసారి దేకడమే. పైగా చూడవచ్చిన ప్రతివాళ్లూ "ఓసారి నడిచి చూపియ్యి పిల్లా" అనేవాళ్లు. మొగుడు ఆగయ్యకు చెప్పుకుంటే, డ్యూటీ బట్టలైనా విప్పకుండానే "అమ్మతోని లొల్లెందుకే" అనేవాడు.

ఒకరోజు గంజి వంచబోయి చెయ్యి జారింది. మరిగే గంజి ముంజేతి మీద పడింది. అన్నమంతా నేలపాలు. కనకవ్వ పరుగున వచ్చి, "అయ్యో, బియ్యం!" అంది.

సారలమ్మ ఏడవలేదు. దేకుతూ గడపకు పోయి కాలు తగిలించుకుంది, పట్టీలు పళ్లు బిగబట్టి లాగింది. పక్కింటి లింగమూర్తి గనిలో కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టేవాడు. నేరుగా వాళ్లింటికే పోయింది.

"లింగమూర్తన్నా, నా పొయ్యిని నడుమెత్తుకు లేపు. నేను ఒంగను, కూసోను. నిలబడే వండుత."

అతను ఆమె చెయ్యి చూశాడు. మరుసటి రోజు సెలవు. పొద్దున్నే ఇటుకలు, మట్టి తెచ్చి పాత పొయ్యి పక్కనే గద్దె కట్టడం మొదలుపెట్టాడు.

కనకవ్వ నెత్తి కొట్టుకుంది. "నిలబడి వండుడేంది? ఇది ఇల్లా, హోటలా?"

"హోటలే అనుకో!"

"మరి బూటో?"

"నీ కొడుకు గని బూట్లు మంచం కింద లేవా? వాటిని ఏనాడన్న కడిగినమా? నాది రోజూ కడుగుత. ఇంక ఒక్కమాట మాట్లాడితే నువ్వే వండుకో, అత్తా!"

కనకవ్వ అలిగి రెండు పూటలు తినలేదు. ఆగయ్య గద్దెను చూశాడు, భార్య చేతి బొబ్బలను చూశాడు, చివరికి గోడకు ఉప్పు డబ్బా పెట్టే చెక్క కొట్టాడు.

గద్దె ఆరాక సారలమ్మ పప్పు చేసింది. పట్టీలు ఒరుసుకుపోయి మోకాలు మండుతూనే ఉంది. సాయంత్రానికి కాలు ఊడదీస్తే గాని ప్రాణం లేచిరాదు. అయినా ఆ పూట అన్నం వార్చి, గిన్నె దించేదాకా నిలబడే ఉంది.

కనకవ్వ కంచం తెచ్చుకొని ఆమె ముందుకు చాపింది.

"పప్పు కొంచెం ఎక్కువెయ్యి" అంది, గోడ వైపు చూస్తూ.