చెరువు నడుమ నీలి చుక్క

అయితే తను ఇప్పుడు పార్కు చెరువులో ఉందన్నమాట, మోకాటి లోతులోనా పీకల దాకానా అన్నది మ్యాపు చెప్పడం లేదు గానీ నీలి చుక్క మాత్రం నీళ్ల నడిమధ్యన నిక్షేపంగా ఉంది, దాని చుట్టూ లేత నీలం వలయం ఒకటి, సగం ఊరిని మింగేటంత, ఆమె మాత్రం చెరువుకి ఎంతో ఇవతల, ఇంకా తలుపు తీయని టైలరు కొట్టు ముందు స్కూటరు ఆపుకుని నిలబడి ఉంది, వెనక ఐసుపెట్టె, అందులో ఖాళీ ట్యూబులు, సూదులు, దూది, ఎక్కడో ఒక ఇంట్లో రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టని షుగరు పెద్దాయన ఈపాటికి చొక్కా చెయ్యి పైకి మడుచుకుని గుమ్మం వంక చూస్తూ ఉంటాడు, రక్తం తీసేదాకా ఆయన గొంతులో టీ చుక్క దిగకూడదు, ఇన్నేళ్లూ లాబులో ఆ పచ్చ కుర్చీ దగ్గర ఎంత సుఖంగా ఉండేది, జనమే వచ్చేవారు, దారి వెతుక్కోవడం వాళ్ల తిప్పలు, సూది దించడం తన పని, భయపడేవాళ్లని కబుర్లలో పెట్టి, అయిపోయిందా అని వాళ్లే ఆశ్చర్యపోయేలా తీసి పంపడం, ఆ పనంటే ఆమెకి ప్రాణం, ఇప్పుడేమో లాబు ఓనరు జనం రావడం తగ్గిందమ్మా, ఇక మనమే ఇళ్లకి వెళ్దాం, ఈ వారం తిరిగి చూడండి, కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పండి, ఇంకెవరినైనా చూసుకుంటాను అన్నాడు, ఎంత మర్యాదగా అన్నాడో, సరేనండి అని తలూపి వచ్చేసింది, సొంత వీధి మొగలోనే ఒక్కోసారి తప్పు మలుపు తిరిగే మనిషినని నోరు విప్పి చెప్పలేదు, చెబితే ఆ ఇంకెవరో ఆ రోజే వచ్చి కూర్చునేవారు.

పొద్దున్నే ఫోను చేస్తే విసుక్కుంటుందేమో అనుకుంటూనే ఆడపడుచుకి కలిపింది, ఫోన్ల కొట్లో పనిచేసే పిల్ల, ఈ తెగుళ్లన్నీ దానికి కొట్టిన పిండి, ఏంటమ్మా దిక్సూచీ, ఎక్కడ తేలావు అంది ఎత్తుతూనే, ఆ పేరు పెట్టింది కూడా అదే, పెళ్లైన కొత్తలో తను సబ్బు కొనుక్కుని తిరిగొస్తూ పక్క వీధిలో అచ్చం అలాంటి ఆకుపచ్చ గేటే ఉన్న ఇంట్లోకి వెళ్లి, చెప్పులు విడిచి, కుండలో నీళ్లు ముంచుకుని తాగి, ఎవరమ్మా నువ్వు అని అడిగిన ముసలావిడకి మీరెవరు అని ఎదురు ప్రశ్న వేసింది, అది ఇంటిల్లిపాదికీ ఇప్పటికీ అరగని నవ్వు, చెరువులో తేలానే తల్లీ అంది ఈమె, నవ్వు తర్వాత నవ్వుకుందువు గానీ ముందు గట్టెక్కించు, సరే వదినా, లొకేషన్ ఆన్ చేశావా, చేశాను, మ్యాపుకి పర్మిషన్ ఇచ్చావా, అడిగితే ఇచ్చాను, ఏమని ఇచ్చావు, ఏమోనే, సెట్టింగ్స్‌లోకి వెళ్లు, యాప్స్ నొక్కు, మ్యాపు, పర్మిషన్లు, లొకేషన్, కింద కచ్చితమైన లొకేషన్ అని మీట ఒకటి ఉంటుంది చూడు, ఉంది, ఆపేసి ఉంది, ఎందుకు ఆపావు, నిన్న కచ్చితంగానా సుమారుగానా అని అడిగిందే, సుమారు చాల్లే అనుకున్నాను, మనమెక్కడున్నామో కచ్చితంగా తెలుసుకుని అది మాత్రం ఏం చేసుకుంటుందని, అవతల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది కాబోలు, మహాతల్లీ, నీ మొహమాటం ఫోను దగ్గర కూడానా, దాన్ని ఆన్ చెయ్యి, బ్యాటరీ ఆదా కూడా తీసెయ్, అదుంటే స్క్రీన్ ఆరగానే జీపీఎస్ కునుకు తీస్తుంది.

తీసేసింది, చుక్క కాసేపు ఆలోచించుకుని, చెరువులోంచి లేచి, గట్టెక్కి, ఎవరిదో మేడ మీదుగా నడుచుకుంటూ వచ్చి టైలరు కొట్టు ముందు బుద్ధిగా నిలబడింది, వలయం ముడుచుకుపోయింది, అమ్మయ్య అనేలోపే చుక్కకున్న బాణం కొట్టు గోడలోకి చూపిస్తోంది, దానికి మందు గాల్లో ఎనిమిది అంకె రాయడమట, ఫోను చేత్తో పట్టుకుని, ఇక్కడా, నడివీధిలోనా, అక్కడే వదినా, పెద్దగా రాయి, రాసింది, ఒకటి, ఇంకొకటి, కుక్కని నడిపిస్తున్నాయన ఆగాడు, కుక్క కూడా మెడ వంచి చూసింది, చూడనీ, పెద్దాయన ఆకలి ముందు తన సిగ్గెంత, బాణం వణికి వణికి రోడ్డు మీదికి తిరిగింది, ఇక బయలుదేరు వదినా, దక్షిణం వైపు వెళ్లండి అంది మ్యాపులోని ఆ నున్నటి గొంతు, దక్షిణం ఎటో తెలిస్తే నీతో నాకేం పనమ్మా అని పైకే అనేసింది, మ్యాపులో వెళ్లాల్సిన గీత కిందికి పోతోంది, రోడ్డేమో ఎదురుగా ముందుకి పోతోంది, వారమంతా అక్కర్లేదు, ఈ ఉదయంతోనే తేలిపోతుంది తన సంగతి, ఆగు వదినా, కంగారు పడకు, మ్యాపు పక్కన దిక్సూచి బొమ్మతో చిన్న గుండ్రం ఉంటుంది, దాన్ని ఓసారి నొక్కు.

నొక్కగానే ఊరు గిర్రున తిరిగింది, వీధులు, చెరువు, పార్కు అన్నీ కలిసి, ఆమె చూస్తున్న రోడ్డు తెరమీద కూడా నిటారుగా పైకి నిలబడింది, ఫోను స్టాండులో పెట్టి స్కూటరు హ్యాండిల్ పక్కకి తిప్పితే ఊరూ తిరిగింది, ఇటు తిప్పితే ఇటు, చిన్నప్పుడు నాన్న కాగితం మీద పెద్దత్త ఇంటికి దారి గీసిచ్చి పంపాడు, మలుపు వచ్చినప్పుడల్లా తను కాగితాన్ని తిప్పుకుంటూ వెళ్లింది, సరిగ్గానే వెళ్లింది, పెద్దత్త గుమ్మం దాకా, అక్కడ మామయ్య చూసి కాగితం తిప్పడమేంటే పిచ్చిమొహమా, ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండాలి, తిరగాల్సింది నువ్వు అన్నాడు, అందరూ నవ్వారు, ఆ తర్వాత ఎప్పుడూ తిప్పలేదు, అప్పటి నుంచే తప్పిపోవడం మొదలుపెట్టింది, ఇదేమిటి, ఇంత చిన్న గుండ్రంలో ఇన్నేళ్లు ఇరుక్కుందా, వదినా ఉన్నావా అంటోంది ఆడపడుచు, ఉన్నానే, కచ్చితంగా ఉన్నాను, ఉంటాను మరి.

పెద్దాయన గుమ్మంలోనే ఉన్నాడు, ఆకలికి ముక్కు మీద కోపం, వచ్చేవాళ్లంతా ఎక్కడండీ ఎటండీ అని పదిసార్లు ఫోను చేసి ప్రాణం తోడేస్తారు, మీరేంటి ఒక్కసారీ చేయలేదు, రారేమో అనుకున్నా అన్నాడు, దారి తెలుసు లెండి అంది, అనేశాక తనకే నవ్వొచ్చింది, సన్నటి చెయ్యి, దాగుడుమూతలాడే నరం, వేలితో మెల్లగా తడిమి మీ పెరట్లో ఆ తీగ ఏమిటండీ అని అడిగింది, ఆయన తీగ సంగతి చెబుతూ ఉండగానే ట్యూబు నిండింది, అయిపోయిందా, అయిపోయింది, ఇక టీ తాగండి, ఆయన మొహం వెలిగిపోయింది, ఆమెకి కడుపు నిండినట్టయింది.

మళ్లీ స్కూటరు దగ్గరికి వచ్చేసరికి ఫోను, భర్త, ఎక్కడ ఇరుక్కున్నావో చెప్పు, బండి తాళాలు చేతిలోనే ఉన్నాయి, వచ్చేస్తా, ఎంత మంచివాడు, ఎన్నిసార్లు ఎన్ని మూలల నుంచి వెతికి తెచ్చుకున్నాడో, ఇరుక్కోలేదండీ, మొదటి ఇల్లు అయింది, రెండో ఇంటికి పోతున్నా, నిజమా, నిజం, అయితే నేను రావక్కర్లేదా అన్నాడు, గొంతులో కాస్త వెలితి, సాయంత్రం రండి, ఎటైనా వెళ్దాం, దారి నేను చెబుతా అంది, అవతల మనిషి పడీ పడీ నవ్వుతుంటే ఈమె కూడా నవ్వి ఫోను స్టాండులో పెట్టింది, రెండో ఇల్లు వచ్చిన దారినే వెనక్కి, స్కూటరు నెమ్మదిగా తిప్పింది, ఊరు నెమ్మదిగా తిరిగింది, ఉత్తరం ఇప్పుడు ఎటో పోయి ఉంటుంది, పోనీ, దాని చోటు దానికి తెలుసు, తను ఎటు తిరిగి నిలబడితే అదే ముందు.