వరప్రసాదరావు ఇంటిబండి

ఆ పాత మెటడోర్ వ్యాన్ కొన్న రోజున జగ్గయ్యపేటలో వరప్రసాదరావుని చూసి నవ్వనివాడు లేడు. ఒకప్పుడది మిషన్ వాళ్ళ సువార్త బండి. నెత్తిన మైకులు కట్టుకుని పెనుగంచిప్రోలు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి తిరిగి, ఆఖరికి చర్చి వెనక కంపచెట్లలో కూలబడింది. లోపల కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు, బుద్ధిమంతుడని పేరున్న మనిషి, ఏరికోరి ఆ తుప్పుని ట్రాక్టరుకి కట్టి ఇంటికి లాక్కురావడమేమిటని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు.

నవ్వనిది అతని భార్య కృపాజ్యోతి ఒక్కతే.

"దీన్ని ఇంటిబండి చేస్తా జ్యోతీ. పడక, పొయ్యి, నీళ్ళు, అన్నీ అందులోనే. నువ్వు రిటైరయ్యేసరికి రెడీగా ఉంటది. సముద్రం పక్కనే పోదాం ఇద్దరం, పోయినంత దూరం" అన్నాడతను.

ఆవిడ లోపలికి తొంగిచూసింది. "సరేగానండీ, ముందు ఈ కోళ్ళని ఎక్కడికి పంపిస్తారు?" అంది. ఆ మాటతో ఆవిడ ఒప్పుకున్నట్టే.

వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆవిడ నందిగామలో సోషల్ టీచరు. కొన్నేళ్ళు జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వెళ్ళొచ్చింది. ఆ తిరుగుడు తిరగలేక నందిగామలోనే చిన్న వాటా అద్దెకి తీసుకుంది. శనివారం సాయంత్రం వచ్చేది, సోమవారం పొద్దున్నే పోయేది. గొడవపడి విడిపోయిన మొగుడూ పెళ్ళాలకైతే నలుగురూ చేరి నచ్చజెబుతారు. వీళ్ళ మధ్య గొడవే లేదు. అందుకే ఎవరికీ ఏమీ కనబడలేదు, వాళ్ళతో సహా.

బండి పని మొదలైంది. లారీ బాడీలు కట్టే ఇశ్రాయేలు వచ్చి కుళ్ళిన అడుగంతా కోసేసి కొత్త రేకు అతికించాడు. ఇంజను కోసం వరప్రసాదరావు బెజవాడ ఆటోనగర్ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పమంటే ఒకరు పిల్ల పెళ్ళి గురించి, ఒకరు ఆపరేషన్ గురించి చెప్పేవాళ్ళు. ఇతను లేచి నిలబడి, "బండికి గేరుబాక్సు దొరకాలని ప్రార్థించండి" అనేవాడు. సంఘమంతా కళ్ళు మూసుకుని, నవ్వు ఆపుకుంటూ గేరుబాక్సు కోసం ప్రార్థన చేసేది. దొరికింది కూడా.

మొదట్లో రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు. కర్టెన్లు ఏ రంగు పెడదాం, పొయ్యి కుడివైపు ఉండాలా ఎడమవైపా, అన్నీ ఆవిడనే అడిగేవాడు. కొన్నాళ్ళకి అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకి చెప్పడం కూడా అవసరం అనిపించలేదు. చేతిలో పని ఉన్నవాడికి మాట గుర్తురాదు. అది తప్పని నేననను, కానీ అవతల ఫోను పక్కన కూర్చున్న మనిషి కూడా ఉంటుంది కదా.

ఫ్యాక్టరీలో రిటైరయ్యాక నందిగామ వెళ్ళిపోయి ఆవిడతో ఉండొచ్చు. కానీ బండి ఇంకా కదిలే స్థితిలో లేదు. బండి కదల్లేదు కాబట్టి అతనూ కదల్లేదు. రేకుల షెడ్డులో పొద్దస్తమానం తానూ, తన రెంచీలూ. పడక మీద తను పడుకుని చూసుకుని, మిగిలిన వెడల్పు వృథా అనిపించి అక్కడ బీరువా పెట్టాడు. పొయ్యి ముందు తను నిలబడి చూసుకుని అటకని తన చెయ్యి అందే ఎత్తులో బిగించాడు. నీళ్ళ ట్యాంకుకి ఎక్కడా చోటు కుదరక ముందువైపు ఎడమ సీటు ఊడదీశాడు. తాత్కాలికంగానే అనుకున్నాడు. తర్వాత ఆ ట్యాంకు పక్కనే బ్యాటరీలు చేరాయి. ఒక్కో మార్పుకీ ఒక్కో కారణం ఉంది, ఏ కారణమూ చెడ్డది కాదు.

వర్షం పడే మధ్యాహ్నాల్లో బండిలోనే అన్నం తినేవాడు. అప్పుడు మాత్రం షెడ్డు రేకుల మీద వాన చప్పుడు వింటూ, ఒక్క మనిషి ఎదురుగా ఉంటే ఎంత బాగుండు అనుకునేవాడు. అనుకుని, లేచి మళ్ళీ స్పానరు పట్టుకునేవాడు. వారం వారం వచ్చే కృపాజ్యోతి నెలకోసారి రావడం మొదలుపెట్టింది. వచ్చినప్పుడు టీ గ్లాసు షెడ్డు గడప దగ్గర పెట్టి వెళ్ళేది.

అలా ఏళ్ళు గడిచి ఆవిడ రిటైరైంది. మర్నాడు పొద్దున్నే వరప్రసాదరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీగడ రంగూ ఆకుపచ్చా వేసిన ఇంటిబండిని నందిగామ తోలాడు. దారి పొడుగునా లారీవాళ్ళు హారన్ కొట్టి బొటనవేలు పైకెత్తి చూపించారు. ఇంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా లేదు.

ఆవిడ వాటా ముందు చిన్న గుంపే చేరింది. స్కూలు టీచర్లు, ఇరుగుపొరుగు, పాస్టరు స్టీవెన్ గారు. కొత్త బండి ఎక్కే ముందు ప్రార్థన చెయ్యాలి కదా. స్టీవెన్ గారు బానెట్ మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ ఇద్దరి ప్రయాణాన్ని నీ చేతుల్లో పెడుతున్నాం" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. కృపాజ్యోతి కొత్త చీర కట్టుకుని, బ్యాగు పట్టుకుని నిలబడింది.

"ఇంక ఎక్కండి టీచర్, ఫొటో తీస్తా" అంది ఆమని అనే పిల్ల టీచరు.

వరప్రసాదరావు గర్వంగా ఎడమ తలుపు తీశాడు. అక్కడ నీళ్ళ ట్యాంకు ఉంది. అప్పుడు చూశాడతను. అప్పుడే, మొదటిసారి. వెనక తలుపు వైపు పరుగెత్తాడు. అక్కడ ఒక్క మనిషి పట్టే పడక, ఒక్క స్టూలు. ఆ గుంపు ముందు భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

కృపాజ్యోతి కూడా చూసింది. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. "అయ్యో, నా మందులు ఇంట్లోనే మర్చిపోయా. వెతికేసరికి టైము పడుతుంది, మీరంతా స్కూలుకి పోవాలిగా, పదండమ్మా. ఫొటో రేపు పంపిస్తా" అని నవ్వుతూ అందర్నీ పంపించేసింది. మొగుడి పరువు నిలబెట్టింది.

వీధి ఖాళీ అయ్యాక, "నేనెక్కడ కూర్చోవాలండీ?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే అతనికి కాస్త నయంగా ఉండేది.

"మళ్ళీ చేస్తా జ్యోతీ. ట్యాంకు కిందకి దించుతా. నీకు సీటు పెడతా, మెట్టు కూడా. ఎంత ఎత్తుంటే ఎక్కగలవు?" అని టేపు తీసి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చీర కుచ్చెళ్ళ పక్కనుంచి మోకాలికి కట్టిన పట్టీ కనబడింది. "ఇదెప్పట్నుంచి?"

"మీరు రిటైరైన ఏడాది నుంచి. చెప్పాగా."

"చెప్పావా?"

"చెప్పా. అప్పుడు మీరు బండి కింద ఉన్నారు. ఊఁ అన్నారు."

అతను టేపు మడిచేశాడు.

"లోపలికి రండి. ఎండగా ఉంది" అందావిడ.

"సామాన్లన్నీ పేటలోనే ఉన్నయ్. ఇప్పుడే పోతే ఇవాళే పని మొదలెట్టచ్చు. రెండు నెలల్లో అయిపోతది, చూస్తా ఉండు" అని గబగబా బండెక్కి తాళం తిప్పాడు. ఆవిడ బ్యాగు తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

హైవే మీద చాలా దూరం అతను సీటు ఎక్కడ బిగించాలో లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. చిల్లకల్లు దగ్గరికి వచ్చాక ఉన్నట్టుండి ఆవిడ మాట గుర్తొచ్చింది. లోపలికి రండి అంది జ్యోతి. ఎన్నేళ్ళ తర్వాతో అడిగింది, అదొక్కటే అడిగింది. దానికి తను రెంచీల గురించి జవాబు చెప్పాడు. బండి పక్కకి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. లారీలు పోతూనే ఉన్నాయి.

కాసేపటికి ఫోను చేశాడు.

"జ్యోతీ, ఇందాక లోపలికి రమ్మన్నావు కదా."

"అన్నా."

"ఇప్పుడు రావచ్చా?"

అతను ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"తలుపేసుంటుంది. కొట్టండి" అంది కృపాజ్యోతి. "నేను లేచి రావడానికి కొంచెం టైము పడుతుంది. వెళ్ళిపోకండి."