పురిటింటి సబ్బు

అరిగిపోయిన సబ్బు ముక్కల్ని తడిపి, పిసికి, ఒక్క ముద్ద చేయడం అలమేలుకు రోజూ పొద్దుటి పని. మగవాళ్లకు కొత్త బిళ్ల. ఆడవాళ్లకు ఈ ముద్ద. అలాగని మద్రాసు చింతాద్రిపేటలోని ఆ ఇంట్లో సబ్బుకు కరువేమీ లేదు. అటక మీద పెట్టెనిండా రక్ష సబ్బులే. ఆమె భర్త దామోదరం ఆ కంపెనీ ప్రచారకుడు. వ్యానులో పేటపేటకూ వెళ్లి, మైకు పట్టుకుని, నురగ చూపించి, "జబ్బు గాల్లో లేదు తల్లులారా, మీ చేతుల్లో ఉంది!" అంటాడు. ఆ ప్రసంగం అలమేలుకు కంఠతా వచ్చు. ఆయన సాధన చేసింది ఆమె ముందే, ఆమె అంట్లు తోముతుండగా.

రెండేళ్ల కిందట, యాభైరెండులో, ఆమె పురుడు. మంత్రసాని పొన్నుతాయి గడప బయటే నిలబడి, "అమ్మా, చేతికి రవ్వంత సబ్బు ఇయ్యండి" అంది. అత్త కసిరింది. "పురిటి మైల తగిలినాక ఆ బిళ్ల మొగోళ్లు ముట్టుకుంటారా? పొయ్యికాడ బూడిదుండాది, రుద్దుకో పో." నొప్పుల్లోనూ అలమేలు ఆ మాట విన్నది. పక్క గదిలో దామోదరమూ విన్నాడు. కిక్కురుమనలేదు. ఎనిమిదో రోజు బిడ్డ దవడలు బిగుసుకుపోయాయి. రొమ్ములు పాలతో రాళ్లవుతున్నా ఆ చిన్న నోరు తెరుచుకోలేదు. "దేవుడిచ్చినాడు, దేవుడే తీసుకున్నాడు" అన్నాడు దామోదరం. మర్నాడు జార్జి టౌన్‌లో సభ ఉందని ఇస్త్రీ చొక్కా అడిగాడు. ఆమె ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఎందుకిచ్చానా అని ఇప్పటికీ తనను తాను అడుగుతుంది. దేవుడన్న ఆ మాటను మాత్రం గట్టిగా పట్టుకుంది. అది వదిలితే ఇంకేం తలుచుకోవాల్సి వస్తుందో ఆమెకు తెలుసు.

ఇవాళ మిట్టమధ్యాహ్నం తోటికోడలు మంగళకు నొప్పులు మొదలయ్యాయి. పొన్నుతాయి వచ్చింది. ఈసారి సబ్బు అడగలేదు. నేరుగా బూడిదకు చేయి చాచింది.

అలమేలు స్టూలెక్కి పెట్టె దించింది. కొత్త బిళ్ల మీది కాగితం చించింది.

"ఏందే అది! మైలపడిపోతుందే!" అత్త అరిచింది.

"పడనీండి అత్తా."

దామోదరం పరుగున వచ్చాడు. "అయ్యో, సాయంత్రం సభలో చూపించాల అది!"

"ఈడ చూపిస్తా ఉండా. జబ్బు చేతుల్లో ఉండాదని చెప్పేది మీరే గదా? ఊరోళ్ల చేతులకేనా ఆ మాట?"

అలమేలు పొన్నుతాయి చేతుల మీద వేణ్ణీళ్లు పోసింది. "మోచేతుల దాకా రుద్దు. ఆ బొడ్డు కోసే కత్తినీ రుద్దు."

ఆడపిల్ల పుట్టింది. అలమేలు ఏడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఎనిమిదో రోజు పొద్దున తల్లి రొమ్ము అందుకుని, ఆ పిల్ల గుటకలు వేస్తూ పాలు తాగింది. "చూడక్కా, ఎట్ల లాగుతుండాదో!" అని మంగళ నవ్వింది.

అలమేలూ నవ్వింది. పెరట్లోకి వెళ్లి, బావి గట్టున కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తన బిడ్డను దేవుడే తీసుకుపోయాడని నమ్మడానికి నిన్నటి దాకా కాస్త వీలుండేది.