ఖలాస్ కోసం ఖాళీ

లచ్చన్న అనే పేరుతో ర్యాపర్ ఏమిటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, కూలీలుండే ఐకాడ్ క్యాంపు బస్సెక్కి అడగండి, అతని పాట రానివాడు దొరకడు. ఆ పాట పుట్టింది మాత్రం అబుదాబి ఆసుపత్రిలో, కరోనా ఏడాది, నర్సు జాయ్స్ నోటి మాట నుంచి.

సూది తీయగానే "ఖలాస్" అనడం అమలాపురం పిల్ల జాయ్స్‌కు అక్కడే అలవాటైంది. అయిపోయిందని అర్థం. జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన లచ్చన్నకు ఆ సంగతేం తెలుసు? వాళ్ల ఊళ్లో ఖలాస్ అంటే మనిషే పోయాడని. జ్వరం మత్తులో కళ్లు తెరిస్తే చుట్టూ తెల్ల ముసుగులు, పైన తెల్లటి వెలుతురు.

"నేను సచ్చిపోయిన్నా, సిస్టర్?"

"అయిపోయింది సూదండీ బాబూ, మీరు కాదు!"

ఎన్నాళ్లకో నవ్వింది జాయ్స్. పక్క మంచం భోజన్న కూడా నవ్వాడు. కాస్త తేరుకున్నాక లచ్చన్న, మానిటర్ కూతకు మంచం ఇనుము మీద వేళ్లతో దరువు కలిపి పాట కట్టాడు.

"సూదొచ్చె, మత్తొచ్చె, సుట్టు తెలుపాయె
ఉన్ననో పోయిననో సిస్టరే సెప్పాలె..."

అక్కడ జాయ్స్ "ఖలాస్" అనేది. భోజన్న అడిగి మరీ అనిపించుకునేవాడు. ఒక రోజు అతనికి సూది ఇచ్చి, ఖలాస్ అని ఇటు తిరిగేసరికి అతని ఊపిరి ఆగిపోయింది. తన నోరే అతన్ని పొట్టన పెట్టుకుందనుకుంది జాయ్స్. పిచ్చి ఆలోచనే. మనసుకు చెబితే వింటుందా?

కోలుకున్న లచ్చన్న క్యాంపులో దుప్పటి ముసుగేసుకుని ఫోన్‌లో పాట రికార్డు చేస్తూ, ఆమె గొంతు కావాలని అడిగాడు.

"ఆ మాట ఇంక నా నోటికి రాదండీ. వదిలేయండి."

అతను వదిలేశాడు. ఆ మాట చోటు ఖాళీగానే ఉంచి పాటను జనంలోకి పంపాడు. మంగలి షాపుల్లో, దుబాయ్ డేరాలో రేవు దాటించే అబ్రా పడవల్లో ఆ ఖాళీ రాగానే జనమే "ఖలాస్!" అని అరిచేవారు. గల్ఫ్ అంతా అంది, జాయ్స్ తప్ప.

మొన్న ఓ వెల్డర్ సూది చూసి బిగుసుకుపోయాడు. ధైర్యం కోసం కళ్లు మూసుకుని ఆ పాటే కూనిరాగం తీశాడు. ఖాళీ దగ్గర ఆగాడు. జాయ్స్‌కు గది కూడా ఆగినట్టనిపించింది. మానిటర్ కూత ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తోంది, దాని వెనకే భోజన్న నవ్వు. సూది బయటికొచ్చేసింది. అతను మాత్రం కళ్లు తెరవలేదు.

"ఖలాస్," అంది జాయ్స్. ఆమె కళ్లు నిండిపోయాయి.

అతను కళ్లు తెరిచాడు. నిక్షేపంలా ఉన్నాడు.

"గా మాట రెండో చరణంల గూడ ఉంటది, సిస్టర్."

"అయితే పాడండి," అంది జాయ్స్.